బామ్మకు ఏమీ తెలియని పూట

నర్సింగ్ రెండో సంవత్సరం చదివే ఆ అమ్మాయిని హాస్టల్లో అందరూ షార్ట్‌కట్ అనేవారు. ఆ పొద్దున ఆమె వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి ఒక ఇంటికి వెళ్ళి చేతులు కడుక్కోవడం నేర్పాలి, పదింటికి వచ్చే మేడం చేత రికార్డులో సంతకం పెట్టించుకోవాలి, పన్నెండు గంటల బస్సెక్కి నెలరోజుల సెలవులకు ఇంటికి పోవాలి. సంతకం లేనివాళ్ళకు సెలవు లేదు. అందుకని, కుటుంబానికి ముందు ఏమీ తెలియదనీ, తన బోధన తర్వాత అంతా తెలిసిపోయిందనీ ముందురోజే రాసిపెట్టుకుంది.

ఇల్లు కూడా కాలేజీ గోడ పక్కదే ఎంచుకుంది. ఎండలో నడవలేని మహానుభావులు తనకంటే ముందు పన్నెండు బ్యాచ్‌లు ఉన్నారనీ, వాళ్ళందరూ ఆ ఇంటిమీదే పడ్డారనీ ఆమెకు తట్టలేదు. చార్టు విప్పకముందే ఆ ఇంటి బామ్మ అరచేతులు, వేళ్ళసందులు, గోళ్ళు అంటూ పాఠమంతా గడగడా అప్పజెప్పేసింది. విరేచనాలైతే ఉప్పూ చక్కెరా ఏ కొలతలో కలపాలో కోడలు వంటింట్లోంచే చెప్పింది. అమ్మాయి బామ్మ చేతులు పట్టుకుంది.

"బామ్మగారూ, ఈ ఒక్కపూటకి మీకేమీ తెలీదని చెప్పండి. లేకపోతే నా సెలవులు పోతాయి."

"అదెంత పనమ్మా," అంది బామ్మ.

పదింటికి మేడం వచ్చి, చేతులు కడుక్కుంటారా అని అడిగింది. స్నానంలో ఎలాగూ తడుస్తాయి కదా అంది బామ్మ. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. పన్నెండేళ్ళు ఒకే పాఠం విని విసిగిపోయిన మనిషికి ఇన్నాళ్ళకు ఒక వేషం దొరికింది. ఇంట్లో నలుగురికీ మూడురోజులుగా విరేచనాలనీ, వీధివీధంతా ఇదే అవస్థనీ కళ్ళొత్తుకుంటూ చెప్పింది. కోడలు అత్తగారికి వంతపాడుతూ మంచమ్మీద వాలిపోయింది. ఉద్యోగంలో ఏనాడూ ఒక్క జబ్బునీ కనిపెట్టి ఎరగని మేడం ఉబ్బితబ్బిబ్బై ఆరోగ్యాధికారికి ఫోన్ చేసింది.

ఆయన బ్లీచింగ్ పౌడరు బస్తాలతో బయల్దేరాడని తెలియగానే అమ్మాయి నిజం కక్కేసింది.  మేడం అమ్మాయిని నోటికొచ్చినట్టు తిట్టి, అదే నోటితో బామ్మను బతిమాలింది.

"అమ్మా, నా ఉద్యోగం మీ చేతుల్లో ఉంది. జబ్బు వచ్చి తగ్గిపోయిందని చెప్పండి."

"ముందు ఆ పిల్లకి సంతకం పెట్టు," అంది బామ్మ.

మేడం పెన్ను తీసి పెట్టింది. అధికారి వచ్చేసరికి వీధిలో అందరూ నిక్షేపంగా తిరుగుతున్నారు. ఈ పిల్ల గంటసేపు పాఠం చెప్పేసరికి మంచాలు పట్టినవాళ్ళు లేచి కూర్చున్నారని బామ్మ వివరించింది. అంత చదువుకున్న పెద్దమనిషి అదీ నమ్మాడు. ఇంత సమర్థురాలిని వదులుకోకూడదనీ, ఆమె నెలరోజుల పాటు రోజూ వచ్చి ఇంటింటి పరిస్థితీ రాసి పంపాలనీ అక్కడికక్కడే ఉత్తర్వు ఇచ్చాడు. సంతకం పెట్టిన రికార్డు ఒళ్ళో పెట్టుకుని అమ్మాయి భోరుమంది.

నెలరోజులూ ఆమె ఆ వీధిలో ఎవరికీ ఏ జబ్బూ లేదని రాసి పంపింది. ఆ చదువు మొత్తంలో ఆమె రాసిన మొదటి నిజం అదే.