మూడు గిటార్లు, ఒక్క మాట

గురువారం ఉదయం నరసింగరావు వేసుకున్న పథకంలో చిక్కేమీ లేదు. నౌపడాలో పాసింజరు ఎక్కి విజయనగరం వెళ్లడం, ఒక గిటారు కొనడం, దీపాల వేళకు ఇంటికి చేరడం.

ఆయనది నౌపడా స్టేషనుకు కోసెడు దూరంలో ఉన్న పల్లె. నాలుగెకరాల వరి, మెట్టలో కాస్త వేరుశనగ, శనివారం శనివారం ఇంటి అరుగు మీద భజన, ఇదీ ఆయన సంసారం. కూతురు పద్మకుమారి బరంపురంలో మేనమామ ఇంట చదువుకుంటూ, అక్కడి పిల్లలతో పాటు గిటారు నేర్చుకుంది. పరీక్ష పాసై తిరిగి వచ్చినప్పటి నుంచి చేతులు ఊరుకోక, చేట ఒళ్లో పెట్టుకుని దాని మీద వేళ్లు ఆడిస్తోంది. బియ్యం చెరగవలసిన చేట పాటలకు పోవడం తల్లి కూర్మమ్మకు నచ్చలేదు. అవతల భజనలో ఉన్న ఒక్క హార్మోనియం తిత్తినీ ఎలుకలు కొరికి ఏడాది అయింది. రెండు అవసరాలూ కలిసి వచ్చాయి. స్వామి ముందు గిటారు వాయించవచ్చునా అని నరసింగరావు వారం రోజులు ఆలోచించి, తులసి దళం ఇచ్చినా తీసుకునే స్వామి చెక్క ఏ చెట్టుదని అడగడులే అని సమాధానపడ్డాడు. కూతురిని వెంటబెట్టుకు వెళ్లాలని మాత్రం ఆయనకు తోచలేదు. ఎడ్లయినా ఇత్తడయినా, ఆ ఇంట్లో కొనడం పెద్దల పని.

విజయనగరంలో జగన్నాధంగారి వాద్యాల దుకాణంలో వీణల వెనక మూడు గిటార్లు వేలాడుతున్నాయి. కొత్తగా నేర్చుకునే వారి కోసం ఒక కలకత్తా కంపెనీ చేసిన చవక రకాలవి. కంపెనీ వేసిన నెంబర్లు ఎవరికీ గుర్తుండవని జగన్నాధంగారే వాటికి పేర్లు పెట్టి, అట్టముక్క మీద రాసి గోడకు తగిలించారు. చిలక: పాలిష్ లేని తెల్లచెక్క, శబ్దం మధురం. మైనా: నల్ల రంగు, శబ్దం మిక్కిలి మధురం. కోయిల: ఎర్రని మెరుపు, నోటి చుట్టూ పూలతీగ, శబ్దం అత్యంత మధురం.

నరసింగరావు మూడింటినీ ఒళ్లో పెట్టుకుని చూశాడు. వేలితో తట్టాడు. వాసన కూడా చూశాడు.

"వీటికి తేడా ఏటండి?" అని అడిగాడు.

"ఒకదానికీ ఇంకోదానికీ పదిహేను రూపాయలండి" అన్నారు జగన్నాధంగారు.

మధ్యాహ్నం దాకా ఆ తేడా తప్ప మరో తేడా దొరకలేదు. ఆయన నుదుటి నామం, తెగని ఆలోచన రెండూ చూసి జగన్నాధంగారికి జాలి కలిగింది. ఒకదాని ధర ఇచ్చి మూడూ పట్టుకెళ్లమనీ, ఇంట్లో పోల్చి చూసుకుని శనివారం నాటికి రెండు తెచ్చి అప్పగించమనీ అన్నారు. ముక్కూ మొహం తెలియని మనిషి తనను ఇంత నమ్మేసరికి నరసింగరావు కదిలిపోయాడు. దుకాణంలో ఉన్న సింహాద్రి అప్పన్న పటానికి దండం పెట్టి, "గీతైనా పడకుండా రెండు తెచ్చి మీ సేతిలో పెడతాను. అప్పన్న సాచ్చి" అన్నాడు. ఆయన పుట్టి బుద్ధెరిగాక అప్పన్న పేరు మీద ఇచ్చిన మాట తప్పలేదు. ఇవ్వడమే నాలుగైదుసార్లు.

దీపాల వేళకు ఇల్లు చేరి, గిటార్లు అరుగు మీద ఆనించి, కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లాడు. ఆ ఇంట్లోకి కొత్త వస్తువు ఏది వచ్చినా ఆయన తల్లి జగ్గమ్మ పసుపూ బొట్టూ పెట్టందే గడప దాటనివ్వదు. నాగలికి పెట్టింది, సైకిలుకు పెట్టింది, మొన్న రేడియోకు పెట్టింది. ఇవి వెళ్లిపోయే వస్తువులని ఆమెకు ఎవరూ చెప్పలేదు. నరసింగరావు చెంబు పట్టుకుని తిరిగి వచ్చేసరికి, మూడు గిటార్ల పొట్టల మీదా మూడేసి వేళ్లతో తడిపసుపు గీతలు పడి ఉన్నాయి.

మైనా మీదా కోయిల మీదా గుడ్డ పెట్టి తుడిస్తే పోయింది. చిలక తెల్లచెక్క మాత్రం పసుపు తాగేసింది.

"అదే మనదని స్వామి సెప్పినాడు. ఇంకేటి ఆలోసన?" అంది జగ్గమ్మ.

పద్మకుమారి అప్పటికి మూడూ ఒకసారి మీటి చూసి, ఏదో అనబోయింది. తండ్రి వినే స్థితిలో లేడు. పోల్చకుండా ఎంచుకోవడం ఆయనకు నచ్చలేదు. మాట ఇచ్చి మూడు తెచ్చింది పోల్చడానికి. కోయిల నిజంగా అత్యంత మధురమైతే, పసుపు మరక మూలంగా స్వామికి ఉత్త మధురం వినిపించాలా? మరక పోతే గాని తన ఎంపిక తన చేతికి రాదు.

శుక్రవారం పొద్దున్నే కూర్మమ్మ బట్టల సబ్బు తీసింది. పసుపు చీరకు సబ్బు తగిలితే ఏమవుతుందో తెలియని ఇల్లాలు లేదు. కాని గిటారు చీర కాదు కదా అనుకుంది. రెండుసార్లు రుద్దేసరికి పచ్చ గీతలు మూడూ దిష్టి తీసిన నీళ్లలా ఎర్రబడ్డాయి. జగ్గమ్మ తొంగి చూసి, దిష్టి పోయిందని సంతోషించింది. నరసింగరావు సంతోషించలేదు. పైగా లోపలికి నీళ్లు పోయాయి. చెక్క ఉబ్బకముందే ఎండలో పెట్టాలంటే ముందు తీగెలు వదులు చేయాలని పద్మకుమారి చెప్పి, చిలక తీగెలు వదులు చేసి, అరుగు చివర ఆరబెట్టి, నూతికి నీళ్లకు వెళ్లింది.

అదే సమయానికి సోములు వచ్చాడు. సోములు పొందూరు నుంచి ఇల్లరికం వచ్చిన నేతగాడు, భజనలో తాళం అతనిదే. తుడిచిన తడి గాలికి ఆరాలని మైనాను కూడా అరుగు మీదే ఉంచారు. అతను మైనా తీగెల మీద చెయ్యి వేసి చూసి, మొహం అదోలా పెట్టాడు. ఒక తీగె బిగువు, ఒకటి వదులు, ఒకటి మధ్యరకం. మగ్గం మీద పడుగు దారాలు అలా ఉంటే ఆ నేతగాడికి ఊళ్లో పిల్లనివ్వరు.

"ఏ సేతకానోడు కట్టినాడు బావా ఇది? బట్టయితే ఈపాటికి పీలికలు పీలికలుగా చిరిగిపోయేది" అన్నాడు.

నరసింగరావుకు ఆ మాట నిజమనిపించింది. తీగెలన్నీ సమంగా ఉంటేనే గదా ఏది మంచిదో న్యాయంగా తేలేది. సోములు ముందు మైనా బిరడాలు పట్టి, ఆరు తీగెలనూ లావు తీగె బిగువుకు తేవడం మొదలుపెట్టాడు. సన్నతీగె టింగుమని తెగింది. నాసిరకం తీగె అన్నాడు. రెండోది తెగింది. మూడోదీ తెగాక, ఇది మైనాలో ఉన్న లోపమా, మొత్తం కంపెనీ లోపమా తేల్చడానికి చిలక తీసుకున్నాడు. నూతి దగ్గర నుంచి పద్మకుమారి బిందెతో పరుగెత్తి వచ్చేసరికి, రెండు గిటార్లకూ లావు తీగెలు మూడేసి మిగిలాయి.

"కంపినీ లోపవే" అన్నాడు సోములు.

నరసింగరావు లెక్క వేసుకున్నాడు. అప్పగించవలసినవి రెండు. గీత పడనిది ఒక్క కోయిల. కనీసం దాన్నయినా మనుషుల కంట పడకుండా దాచాలని, ఎవరూ చూడకుండా గదిలోకి పట్టుకెళ్లాడు. దొంగల భయం ఉన్న రోజుల్లో తాతగారు ఇత్తడి సామాను గాదెలో, ధాన్యం అడుగున దాచేవారు. దొంగలను ఆపిన గాదె సోములును ఆపదా? ఒక మూల ధాన్యం తవ్వి, కోయిలను పడుకోబెట్టి, మళ్లీ నిండుగా కప్పేసి, చేతులు దులుపుకుని బయటికి వచ్చాడు. గిటారుకు పొట్ట మీద అరచేతి వెడల్పు నోరు ఉంటుందన్న సంగతి గడప దాటాక గుర్తొచ్చింది.

తవ్వి తీశారు. తలకిందులు చేసి నలుగురూ తిప్పారు. వడ్లు సోలెడు రాలాయి, పిడికెడు రాలాయి, తర్వాత గింజా గింజా రాలాయి. అప్పటికీ ఊపితే లోపల గలగలమంటూనే ఉంది. ఆ విధంగా శుక్రవారం మధ్యాహ్నానికి చిలక మొహం ఎర్రబడింది, మైనాకు గొంతు పోయింది, కోయిల కడుపు నిండింది.

భావనపాడు నుంచి అసిరయ్య ఆ వేళకే వచ్చాడు. శుక్రవారం చేపలమ్మడానికి వచ్చి, శనివారం భజన చూసుకుని తిరిగి వెళ్లడం అతని అలవాటు. జరిగింది విని, తెగిన తీగెలను వేళ్ల మధ్య నలిపి చూసి, ఇనప తీగె ఉప్పుగాలికి ఎలాగూ నిలవదన్నాడు. అతని సంచీలో గాలాలకు కట్టే కొత్త నైలాను తీగె ఉంది.

"సన్న సేపకి ఒకటి, వంజరానికి ఒకటి, సొరకి ఒకటి. మూడు రకాలున్నాయి నాయుడు మావా. మణుగు సేపకే తెగనిది, అమ్మడి గోటికి తెగుతాదా?" అన్నాడు.

పద్మకుమారి వద్దనలేదు. మైనాకూ చిలకకూ మూడేసి నైలాను తీగెలు కట్టి, సాగిన కొద్దీ బిరడాలు తిప్పుతూ పొద్దు గూకేదాకా కూర్చుంది. ఉక్కుతీగెల ఖణేలు పోయింది. ఏదో మెత్తగా, గొంతు తగ్గించి మాట్లాడినట్టు వినిపించింది. అది మధురమో, మిక్కిలి మధురమో ఆలోచించే ఓపిక నరసింగరావుకు లేదు.

తెల్లవారి బయల్దేరబోతుంటే కూర్మమ్మ గుమ్మంలో నిలబడి మెల్లగా చెప్పింది. కోయిలను ఊపకుండా ఇచ్చేస్తే సరిపోతుందట. మైనా తీగెలు చూసుకోవలసింది కొట్టువాడేనట. "మీరు సెప్పకపోతే ఆయనకేటి తెలుస్తాది?" అంది. నరసింగరావు మూడు గిటార్లూ ఎత్తుకున్నాడు. ఈసారి మాత్రం కూతురిని వెంటబెట్టుకున్నాడు. పాసింజరు కుదిపినప్పుడల్లా కోయిల గలగలమంటోంది. చీపురుపల్లి దాకా అది గిలక్కాయ అనుకుని ఎదుటి బల్ల మీది పసిబిడ్డ ఆడుతూనే ఉంది. ఆ మోత వింటూ నరసింగరావు ఆలోచించాడు. ఊపకుండా ఇవ్వడం అబద్ధం కాదు. కాని అప్పన్నను సాక్షి పెట్టుకున్నాక, ఆయన ఊపి చూడడని ఎలా అనుకోవడం?

దుకాణంలో జగన్నాధంగారు ఒక మేష్టరమ్మతో మాట్లాడుతున్నారు. ఆమె కిందటి నెల కొన్న కోయిలను తిరిగి ఇవ్వడానికి వచ్చింది. ఎడమచేతి వేళ్లకు నాలుగింటికీ గుడ్డపీలికలు చుట్టి ఉన్నాయి. నరసింగరావు తన వంతు వచ్చేదాకా ఆగలేకపోయాడు. మూడు గిటార్లూ బల్ల మీద పరిచి, పసుపు దగ్గర మొదలుపెట్టి సబ్బు, సోములు, గాదె, అసిరయ్య, ఒక్కటీ వదలకుండా చెప్పేశాడు. చివర కోయిలను తనే ఊపి వినిపించాడు.

"మాట తప్పినానండి. మూడూ నాయే. ఎలాగో ఒకలాగ బాకీ తీరుస్తాను" అన్నాడు.

జగన్నాధంగారు బల్ల మీద రాలిన రెండు గింజలను వేలితో పక్కకు జరిపారు. తర్వాత పద్మకుమారి వైపు తిరిగి, రెండు రోజులుగా ఎవరూ అడగని మాట అడిగారు.

"ఇంతకీ అమ్మాయికి ఏది నచ్చిందండి?"

జవాబుగా పద్మకుమారి చిలకను ఒళ్లోకి తీసుకుని, శనివారాలు అరుగు మీద పాడుకునే పాట ఒకటి వాయించింది. పాట అయ్యాక మేష్టరమ్మ దగ్గరికి వచ్చి, పక్కనున్న మైనా తీగెలను గుడ్డ చుట్టిన వేలితో నొక్కి చూసింది. గుడ్డ విప్పేసి మళ్లీ నొక్కింది.

"ఇది వేళ్లు కొయ్యడం లేదే. ఏ రకమండీ?" అంది.

"కొత్త రకమండి" అన్నారు జగన్నాధంగారు, కనురెప్ప వేయకుండా.

నరసింగరావు ఇక్కడ కూడా ఊరుకోలేకపోయాడు. "సేపలు పట్టే తీగమ్మా అది" అన్నాడు.

చేపల తీగె అయితే తనకేమీ ఇబ్బంది లేదనీ, ఉక్కు తీగెతో చేపలా వేళ్లు కోయించుకున్నది తానేననీ ఆమె చెప్పింది. కోయిలను అక్కడే వదిలి మైనాను పట్టుకు వెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ, తమ బళ్లో ఇంకా ఇద్దరు టీచర్ల వేళ్లకు గుడ్డలున్నాయని చెప్పింది.

జగన్నాధంగారు ఆమె కోయిలను ఒక కొక్కేనికి, వడ్ల కోయిలను ఇంకో కొక్కేనికి తగిలించి, రెండూ వచ్చేశాయనీ, లెక్క సరిపోయిందనీ అన్నారు.

"గీతైనా పడకుండా అన్నాను కదండి" అన్నాడు నరసింగరావు.

"గీత ఎక్కడ పడిందండి? వడ్లు పడ్డాయి."

చిలకను గుడ్డలో చుట్టుకుని స్టేషనుకు నడుస్తుంటే, అన్నిటిలోకీ చవకదే ఎందుకు నచ్చిందని ఆయన కూతురిని అడిగాడు. అదే తేలికనీ, ఒళ్లో సరిగ్గా కుదురుతుందనీ, మొదటిరోజు మీటగానే తెలిసిపోయిందనీ పద్మకుమారి చెప్పింది.

"మరి సెప్పలేదేటే?"

"ఎవులడిగినారు నాన్నా?"

ఆ సాయంత్రం భజనకు చిలక వచ్చింది. దాని పొట్ట మీది మూడు ఎర్రగీతలను చూసి, స్వామి తన నామం తానే దిద్దుకున్నాడని నలుగురూ కళ్లకద్దుకున్నారు. నరసింగరావు సబ్బు సంగతి చెప్పబోయి, సబ్బు మాత్రం స్వామిది కాదా అని ఈ ఒక్కసారికి ఊరుకున్నాడు. సోములును గిటారుకు ఆమడ దూరంలో కూర్చోబెట్టారు.

నెల తిరక్కుండా విజయనగరం నుంచి కార్డు వచ్చింది. నైలాను తీగె మూడు రకాల్లోనూ పంపమని అసిరయ్యకు కబురు, కోయిలలో నుంచి మరో నాలుగు గింజలు వచ్చాయని నరసింగరావుకు కబురు. అసిరయ్య తీగె తనే స్వయంగా పట్టుకెళ్లాడు. దుకాణం గోడ మీది అట్టముక్క కింద కొత్తగా నాలుగో వరుస రాసి ఉందట. భావనపాడు: వేళ్లకు హాయి, శబ్దం చెప్పనలవి కానంత మధురం. చూడబోతే అది మైనాయే, తీగె తన సంచీలోదే. మరి దానికీ దీనికీ తేడా ఏటని అడిగాడట.

పదిహేను రూపాయలన్నారట జగన్నాధంగారు.