మత్తయిగారి మోకాలి కింద దిండు

“ఈ ఏలూరులో నేరం చేసి నా దగ్గర తప్పించుకున్నవాడు ఇంతవరకూ లేడండి,” అన్నాడు ఏడుకొండలు, నా జిరాక్స్ షాపు స్టూలు మీద కాలు మీద కాలేసుకుని. ఇంతవరకూ ఆయన దగ్గరికి ఒక్క నేరమూ రాలేదు గనక నేను కాదనలేకపోయాను.

ఏడుకొండలు కరెంటు మీటర్ రీడర్‌గా రిటైరయ్యాడు. ముప్పై ఏళ్లు ఊళ్లో ప్రతి వరండాలోకీ తొంగిచూసిన అనుభవంతో డిటెక్టివ్ అయ్యాడు. నన్ను అసిస్టెంటుగా నియమించాడు. నాలో ఆయనకు నచ్చిన గుణం, నాకు స్కూటరుండటం.

చివరికి కేసు దొరికింది. మత్తయిగారి మోకాలు.

మత్తయిగారికి కొల్లేరు పక్కన చేపల చెరువుంది. గట్టు దిగుతుంటే పాదం బురదలో ఇరుక్కుని, ఒళ్లు మాత్రం పక్కకి తిరిగింది. మోకాల్లో మెత్తగా ఉండే మెనిస్కస్ చిరిగింది. డాక్టరుగారు రెండు చిన్న గాట్లు పెట్టి, కెమెరా దూర్చి, చిరిగిన అంచు కత్తిరించేశారు. అంతా బాగానే జరిగింది గానీ కాలు తిన్నగా రావడం లేదు. పద్దెనిమిది రోజుల్లో కూతురు పెర్సిస్ పెళ్లి. చర్చి గుమ్మం నుంచి పాస్టరుగారు నిలబడే బల్ల దాకా కూతురి చెయ్యి పట్టుకుని చంకకర్రలు లేకుండా నడవాలని ఆయన కోరిక.

ఫిజియోథెరపిస్టు హెప్సిబా మాకు నేరాన్ని వివరించింది. “సాయంత్రం అరగంట మడమ కింద దిండు పెట్టి ఉంచాలండి. నొప్పి పుడుతుంది గానీ కాలు సాగుతుంది. అదే దిండు మోకాలి కింద పెడితే హాయిగా ఉంటుంది, కాలు వంకరగా బిగుసుకుపోతుంది. నేను మడమ కింద పెట్టి వెళ్తానా, తిరిగొచ్చేసరికి మోకాలి కింద ఉంటోందండి. ఎవర్నడిగినా మాకు తెలీదంటారు.”

ఆ అరగంటా ఇంట్లో ప్రార్థన జరుగుతుంది. సంఘపెద్ద పేతురుగారు చేయిస్తారు.

“మీకు తెలియదా అండీ?” అని మత్తయిగారిని అడిగాను.

“కళ్లు మూసుకుని ఉంటాను కదండీ. మొదట్లో నొప్పి ప్రాణం తీస్తుంది. మధ్యలో ఎక్కడో దేవుడు తీసేస్తున్నాడు,” అన్నారాయన భక్తిగా.

ఏడుకొండలు నన్ను వరండాలోకి లాగాడు. “ఇది దిండు మార్పిడి కాదండి. వివాహ విధ్వంసక కుట్ర. అంత పొడుగు ప్రార్థన ఎవరు చేస్తారు? అందరి కళ్లూ మూయించి ఉంచాల్సిన అవసరం ఉన్నవాడు. పేతురు.”

“ప్రార్థనలో మీరు కళ్లు తెరిచి చూస్తే సరిపోతుంది కదండీ.”

“ఒకరింటి ప్రార్థనలో కళ్లు తెరుస్తామా? మర్యాదనేది ఒకటుందండి,” అని నొచ్చుకున్నాడు.

ఆ సాయంత్రం అందరికంటే గట్టిగా కళ్లు మూసుకున్నది ఆయనే. నేను కాస్త తెరుద్దామనుకున్నాను గానీ ఎవరైనా చూస్తారేమోనని ఊరుకున్నాను. చూడాలంటే వాళ్లూ తెరవాలన్న సంగతి ఇంటికెళ్లాక తట్టింది. ఆమేన్ అయ్యేసరికి దిండు మోకాలి కిందే ఉంది.

రెండో రోజు ఏడుకొండలు దిండుకి పౌడరు రాశాడు. చేతికి పౌడరంటినవాడే ముద్దాయి అన్నాడు. తీరా చూస్తే ప్రార్థనకని అందరూ పౌడరు రాసుకునే వచ్చారు. అనుమానితుల సంఖ్య తొమ్మిదికి పెరిగింది, అందులో ఆయనా ఉన్నాడు.

మూడో రోజు పేతురుగారి ప్రార్థన మంచి ఊపులో ఉండగా ఏడుకొండలు జేబులో ఫోను సైరన్‌లా మోగింది. గదిలో అందరి కళ్లూ తెరుచుకున్నాయి. పెర్సిస్ చెయ్యి తండ్రి మోకాలి కింద ఉంది, చేతిలో దిండుంది.

అందరం చూశాం. ఏడుకొండలు మాత్రం కళ్లు మూసుకునే జేబు తడుముకుని, స్పీకరు నొక్కాడు. “పాలు విరిగిపోయాయండీ, వచ్చేటప్పుడు ఒక ప్యాకెట్టు తెండి,” అంది వాళ్లావిడ వెంకటనరసమ్మ. అప్పుడు కళ్లు తెరిచి వేలు చూపించాడు. “పేతురుగారూ, మీ ఆట కట్టండి.”

పేతురుగారి చేతులు రెండూ ఇంకా ఆకాశం వైపే ఉన్నాయి.

“నేనేనండి,” అంది పెర్సిస్ తలొంచుకుని. “నాన్న పళ్లు బిగబట్టి మూలుగుతుంటే నాకు ప్రార్థన మీద మనసు నిలవట్లేదండి.”

మత్తయిగారు కాసేపు దిండు కేసి, కూతురి కేసి చూశారు. “నువ్వా అమ్మా. నేను దేవుడనుకున్నానే,” అన్నారు. తర్వాత మెల్లగా, “వచ్చే నెల నుంచి నొప్పి తీసెయ్యడానికి నువ్విక్కడ ఉండవు కదా. నీ చేత్తోనే మడమ కింద పెట్టు,” అన్నారు. ఆ పిల్ల పెట్టింది. పెట్టి, ఆ పాదం పట్టుకుని ఏడ్చింది. పేతురుగారు ప్రార్థన తొందరగా ముగించడం నేను చూసింది ఆ ఒక్కరోజే.

పెళ్లిరోజు చంకకర్రలు కారులోనే ఉండిపోయాయి. మత్తయిగారు ఎంత నెమ్మదిగా నడిచారంటే, పాట అయిపోయి పాడేవాళ్లు మళ్లీ మొదటి నుంచి అందుకున్నారు. కాలు మాత్రం తిన్నగా పడింది. బల్ల దగ్గరికి చేరాక ఆయన కూతురి చెయ్యి వదల్లేదు. “ఇక వదలండి మత్తయిగారూ,” అని పాస్టరుగారు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

“చూశారా, మోకాలింకా నయం కాలేదండి. ఆసరా కోసం పట్టుకుని ఉన్నారు,” అన్నాడు ఏడుకొండలు నా చెవిలో.

నేను కళ్లు తుడుచుకున్నాను. అవునన్నట్టు తలూపాను.