కంచేలి వారి సలహా

ఆ రోజు ఉదయం రాజ్‌కుమార్‌కు ఉన్న పనులు రెండే. ఒక కంచేలిని హోటల్లో దించాలి, ఇంకొక కంచేలిని దేశం దాటించాలి. రెండూ భోజనాల వేళకు అయిపోతాయనుకున్నాడు.

రాజ్‌కుమార్‌ది గుంటూరు. సౌదీ అరేబియాలోని జుబైల్‌లో ఫ్యాక్టరీలకు మరమ్మతులు చేసిపెట్టే ఒక కాంట్రాక్టు కంపెనీలో హెచ్‌ఆర్ ఆఫీసరు. సౌదీ ఉద్యోగులు చాలినంతమంది లేనందున నితాఖత్ అనే ప్రభుత్వ లెక్కలో కంపెనీ పసుపురంగులో పడి, ఎరుపు వైపు జారుతోంది. పైగా విదేశీ పనివాళ్ళ మీద కట్టే లెవీ ఏటేటా పెరుగుతోంది. అందుకని పాతవాళ్ళకు ఒక్కొక్కరికీ ఖురూజ్ కొట్టి, మళ్ళీ తిరిగిరాకుండా ఇంటికి పంపేయమని యాజమాన్యం చెప్పింది. ఈసారి వంతు పైపు ఫిట్టర్ భూషణానిది. పాపం, అతను సెలవు ముగించుకుని తిరుగు విమానం ఎక్కిన తర్వాత ఆ నిర్ణయం జరిగింది.

భూషణానిది శ్రీకాకుళం జిల్లా సముద్రపు ఒడ్డు. ఇంటిపేరు కంచిలి. పాస్‌పోర్టులో ఇంగ్లీషు అక్షరం ఒకటి మారి కంచేలి అయింది. దాన్ని దిద్దించుకోవడం కంటే అలాగే బతికేయడం సులువని అతను ఎప్పుడో తేల్చుకున్నాడు.

రెండో కంచేలి పేరు జురాబ్. కంప్రెసర్ల నిపుణుడు. అక్కడి ఒక పెద్ద ప్లాంటులో పాత కంప్రెసర్ ఒకటి కొంతకాలంగా వింతగా మోగుతోంది. దాన్ని పీకేసి కొత్తది పెట్టాలని నిపుణుడు చెబితే ప్లాంటు ఆపి ఆ పని చేయాలి. ఆ షట్‌డౌన్ పని రాజ్‌కుమార్ కంపెనీకే వస్తుంది. నిపుణుణ్ణి పిలిపించి మర్యాదలు చేసే బాధ్యత కూడా అందుకే ఆ కంపెనీ నెత్తిన వేసుకుంది.

వచ్చే పెద్దమనిషి గురించి ముందే తెలుసుకుందామని రాజ్‌కుమార్ ఆయన ఇంటిపేరును ఇంటర్నెట్‌లో వెతికాడు. ఒక కంచేలి సంగీతకారుడట, ఇంకొకాయన ఆటగాడట, మరొకావిడ నటి అట. అందరూ జార్జియావాళ్ళే. రాజ్‌కుమార్‌కు తెలిసిన జార్జియా అమెరికాలో ఉంది. అతని బావమరిది అక్కడి అట్లాంటాలోనే ఉంటాడు. కంచేలి అన్నది వినగానే తెలుగు ఇంటిపేరని తెలిసిపోతోంది. శ్రీకాకుళం నుంచి పోయినవాళ్ళు ఇన్ని రంగాల్లో పైకొచ్చారా అని రాజ్‌కుమార్ మనసులోనే మెచ్చుకున్నాడు. కాకేసస్ కొండల మధ్య జార్జియా అనే దేశం ఒకటుందని అతనికి ఎవరూ చెప్పలేదు.

డ్రైవర్ ఖాదర్ మొహిద్దీన్‌ది కడప. అతన్ని పిలిచి పేరు రాసిన అట్ట చేతికిచ్చాడు. "దుబాయ్ ఫ్లైట్‌లో కంచేలి గారని వీఐపీ వస్తున్నారు. పెద్ద కారు తీసుకెళ్ళు. సీ వ్యూ రూమ్ బుక్ చేశా. ఎక్స్‌ట్రా క్వశ్చన్స్ వేసి విసిగించకు."

"నేనెందుకు విసిగిస్తా సార్. నోరు కట్టేసుకుంటా," అన్నాడు ఖాదర్.

రాజ్‌కుమార్ పనివాళ్ళుండే క్యాంపు బస్సు వాడికి ఫోన్ చేసి అదే విమానంలో కంచేలి అనే ఫిట్టర్ కూడా దిగుతాడని, అతన్ని క్యాంపులో దించి బయటికి వదలవద్దని చెప్పాడు. దాంతో తన పని అయిపోయిందనుకుని టీ తెప్పించుకున్నాడు.

దమ్మామ్ విమానాశ్రయంలో భూషణం ముందు బయటికి వచ్చాడు. ఎదురుగా అట్ట మీద తన ఇంటిపేరు పెద్దపెద్ద అక్షరాల్లో కనబడింది. ఇన్నేళ్ళలో అతని పేరు అట్ట మీద ఎవరూ రాయలేదు.

"కంచేలి గారేనా సార్?" అన్నాడు ఖాదర్.

"నానే బాబూ. ఏటయింది?"

తెలుగు వినగానే ఖాదర్ ముఖం వికసించింది. ఇంత పెద్ద నిపుణుడు మనవాడా అనుకున్నాడు. కానీ ప్రశ్నలు వేయకూడదు కనుక వేయలేదు. అప్పడాల పెట్టెను, ఆవకాయ డబ్బా కట్టిన గోనెసంచిని తలవంచి అందుకుని కారులో పెట్టాడు. వెనక తలుపు తీసి నిలబడ్డాడు. భూషణం అలవాటు కొద్దీ ముందు సీటు వైపు నడిస్తే, "అయ్యో, మీరాడ కూర్చోకూడదు సార్," అని చేయి పట్టుకుని వెనక్కి తెచ్చాడు.

అయిదు నిమిషాల తర్వాత జురాబ్ బయటికి వచ్చాడు. అట్ట వెళ్ళిపోయింది. క్యాంపు బస్సు పక్కన నిలబడ్డ మనిషి మాత్రం "కంచేలి! కంచేలి!" అని గొంతు చించుకుంటున్నాడు. సౌదీలో నిపుణులను బస్సులో తీసుకెళ్తారు కాబోలనుకుని జురాబ్ ఎక్కి కూర్చున్నాడు.

హోటల్ గదిలో భూషణం మంచం చివర కూర్చుని, కిటికీలోంచి సముద్రాన్ని చూసి, దీనమ్మకు ఫోన్ చేశాడు. దీనమ్మ అతని భార్య. ఏ వార్తనైనా ముందు అనుమానించి ఆ తర్వాతే వినే మనిషి.

"కారులో తెచ్చినారే. ఏసీ గది ఇచ్చినారు. బల్ల మీద పళ్ళెట్టినారు."

"ఎందుకిచ్చినారు?" అంది దీనమ్మ.

"అదే తెల్దు."

"బలిచ్చే మేకకి కూడా ముందు పూలదండే ఏస్తారు. నిన్ను పంపిచ్చీడానికే ఈ మర్యాదంతా. పిల్లడి కాలేజీ ఇంకో ఏడాది ఉంది. నువ్వేటీ మాటాడకు. ఆల్లడిగితే ఇంకో ఏడాది ఉంచమని కాళ్ళట్టుకో."

భూషణానికి నిజం బోధపడింది. క్యాంపులో ఈ మధ్య ఖురూజ్ మాట వినని రోజు లేదు. ఆ పళ్ళను ముట్టుకోకుండా దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. ఇంటర్‌కమ్ మోగినప్పుడల్లా లేచి నిలబడి మాట్లాడాడు.

క్యాంపులో జురాబ్‌కు పీర్ సాహెబ్ గదిలో భూషణం మంచం దొరికింది. పీర్ సాహెబ్‌ది నెల్లూరు. ప్లాంటులో స్కాఫోల్డింగ్ కడతాడు. తన గదిలో ఉండే భూషణం ఇంటిపేరు కంచేలి అని అతనికి తెలియదు. తాను ఇంజినీరునని, కంప్రెసర్ చూడ్డానికి వచ్చానని జురాబ్ వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాడు. క్యాంపు బాసు నమ్మలేదు. ఖురూజ్ పడ్డవాళ్ళంతా ఆ రోజు ఇంజినీర్లే అవుతారని అతని అనుభవం. జురాబ్ ఫోన్ తీసి, తమ కంచేలీల్లో సంగీతం రాసినాయన, కుస్తీ పట్టినాయన, నాటకాల్లో రాణి వేషం వేసినావిడ అంటూ ఫోటోలు చూపించాడు. పీర్ సాహెబ్ అన్నీ శ్రద్ధగా చూసి, మనిషికి దిగులుతో మతి తప్పిందని జాలిపడ్డాడు.

"పోనీలే అన్నా. ముందు తిను. పైనోడున్నాడు," అని చేపల పులుసు వడ్డించాడు. జురాబ్ మొదటి ముద్దకే కన్నీళ్ళు పెట్టుకున్నాడు. అది బాధేననుకుని పీర్ సాహెబ్ ఇంకో గరిటె వేశాడు.

మర్నాడు ఉదయం ప్లాంటు మీటింగ్ హాలులో రాజ్‌కుమార్ ద్వారం దగ్గరే ఎదురొచ్చాడు. కంపెనీలో వెయ్యిమందికి పైగా ఉన్నారు. వాళ్ళలో చాలామంది ముఖాలు అతనికి తెలియవు, నంబర్లే తెలుసు. లోపలికి వచ్చిన నల్లని, బక్కపలచని మనిషిని చూడగానే చేతులు జోడించాడు.

"గుడ్ మార్నింగ్ సార్! తెలుగువారే కదా సార్?"

"ఔను బాబూ. దయుంచాల," అన్నాడు భూషణం.

జార్జియాలో ఇన్నేళ్ళున్నా యాస పోగొట్టుకోలేదని రాజ్‌కుమార్ పొంగిపోయాడు. "సార్, ఈరోజు జస్ట్ మీ ఒపీనియన్ చెప్పండి చాలు. ఆల్‌మోస్ట్ డెసిషన్ అయిపోయింది. తీసెయ్యడమే."

తీసెయ్యడమంటే తననేనని భూషణానికి అర్థమైంది.

బల్లకు అటువైపు ప్లాంటు ఇంజినీరు ఫహద్ కూర్చున్నాడు. నెమ్మదైన మనిషి. ఎవరేం చెప్పినా రాసుకుంటాడు. మొదట ఆ కంప్రెసర్ గురించే మొదలుపెట్టాడు కానీ ఆ మొదటి రెండు వాక్యాల్లో భూషణానికి గుండె చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. చెవులు తెరుచుకునేసరికి ఫహద్ ఇంగ్లీషులో ఇలా అంటున్నాడు.

"చాలా ఏళ్ళుగా మా దగ్గర పనిచేస్తోంది. ముసలిదైపోయింది. ఏటేటా ఖర్చు పెరుగుతోంది. తీసెయ్యాలని మావాళ్ళు అంటున్నారు. మీరేమంటారు?"

భూషణం లేచి నిలబడ్డాడు. అతని ఇంగ్లీషు నట్లూ బోల్టుల మధ్య నేర్చుకున్నది. "సార్, ఓల్డ్ కరెక్ట్. బట్ స్ట్రాంగ్ సార్. ఫుల్ స్ట్రాంగ్."

"రాత్రిపూట శబ్దం చేస్తోందని మావాళ్ళ ఫిర్యాదు."

తన గురక సంగతి ప్లాంటు ఇంజినీరు దాకా పోయిందా అని భూషణం సిగ్గుపడ్డాడు. ఇది పీర్ సాహెబ్ పనే అయివుంటుంది. "నైట్ ఓన్లీ సార్. డే టైమ్ నో సౌండ్. స్మాల్ ప్రాబ్లమ్. సైడ్ చేంజ్, సౌండ్ స్టాప్."

ఒక పక్క లోడు తగ్గించి చూడమంటున్నాడని ఫహద్ రాసుకున్నాడు.

రాజ్‌కుమార్ ముఖంలో నవ్వు తగ్గింది. "సార్, రిమూవ్ చేసి కొత్తది పెట్టడమే బెటర్ కదా?" అని తెలుగులో అందించాడు.

భూషణం అతని వైపు నిస్సహాయంగా చూశాడు. తనవాడే తన గొంతు కోస్తున్నాడు. మళ్ళీ ఫహద్ వైపు తిరిగాడు. "న్యూ పీస్ ట్రబుల్ సార్. న్యూ పీస్ డోంట్ నో ప్లేస్. టూ ఇయర్స్ ఓన్లీ లెర్నింగ్. ఓల్డ్ పీస్ ఆల్ నో. వన్ మోర్ ఇయర్ సార్, ప్లీజ్. నో రిమూవ్."

"ఒక్క ఏడాది నడుస్తుందని హామీ ఇవ్వగలరా?"

"మై లైఫ్ గ్యారంటీ సార్!" అన్నాడు భూషణం, చేయి గుండె మీద పెట్టుకుని. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఫహద్ ఇంతకుముందు చాలామంది నిపుణులను చూశాడు. వాళ్ళు వంద పేజీలు రాసిచ్చి చివర తమకేం బాధ్యత లేదనేవాళ్ళు. ఒక యంత్రం కోసం ప్రాణం పూచీ పెట్టి కన్నీరు కార్చినవాణ్ణి చూడ్డం ఇదే మొదలు. కలం మూసి, "షట్‌డౌన్ లేదు," అన్నాడు.

వరండాలోకి వచ్చాక రాజ్‌కుమార్‌కు చెమటలు పోశాయి. షట్‌డౌన్ పోయిందని యాజమాన్యానికి ఏ నోటితో చెప్పాలో ఆలోచిస్తుండగా ఫోన్ మోగింది. పీర్ సాహెబ్.

"సార్, మీరు ఖురూజ్ కొట్టిన కంచేలి సంగతి ఏందో తేడాగా ఉంది సార్. తెల్లంగా ఉండాడు. తెలుగు ఒక్క ముక్క రాదు. నిన్న మా పులుసు తిని ఇప్పటిదాకా మంచినీళ్ళు తాగతానే ఉండాడు. పొద్దున్నించి కంప్రెసర్, కంప్రెసర్ అని ఒకటే జపం."

రాజ్‌కుమార్ మెల్లిగా తల తిప్పి చూశాడు. భూషణం వరండా చివర చెప్పులు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"మీరు... జార్జియా కాదా సార్?"

"మాది కవిటి కాడ బాబూ. ఫిట్టర్ని. నన్నుంచుతారా, పంపిచ్చీస్తారా? ఏదో ఒకటి సెప్పీయండి. ఇంటికాడ నిద్రోట్లేదు."

రాజ్‌కుమార్ గోడకానుకున్నాడు. తర్వాత అతని మెదడు చురుకుగా పనిచేసింది. అసలు నిపుణుణ్ణి తెచ్చి పీకెయ్యమనిపిస్తే అంతా సర్దుకుంటుంది. ఖాదర్ పెద్ద కారుతో క్యాంపుకు పరుగెత్తాడు. జురాబ్ ఫహద్ ఎదుట నిలబడేసరికి భోజనాల వేళ అయింది.

"మా కంపెనీ ఎప్పుడూ టూ ఒపీనియన్స్ తీసుకుంటుంది సార్," అన్నాడు రాజ్‌కుమార్. "ఈయన కూడా కంచేలి గారే."

"అన్నదమ్ములా?" అడిగాడు ఫహద్.

"ఆల్‌మోస్ట్."

జురాబ్ సాయంత్రందాకా కంప్రెసర్ చుట్టూ తిరిగాడు. చెవి పెట్టి విన్నాడు, మీటరు పెట్టి చూశాడు, నీళ్ళు తాగాడు. చివరకు వచ్చి, యంత్రంలో ఏ లోపమూ లేదన్నాడు. పక్కనున్న పైపుకు ఆధారం వదులై, రాత్రి లోడు పెరిగినప్పుడు అదురుతోందట. అది బిగిస్తే చాలు. యంత్రం ఇంకో ఏడాది నిక్షేపంగా నడుస్తుంది.

"మీ అన్నగారు దాన్ని చూడకుండానే ఈ మాట చెప్పారు," అన్నాడు ఫహద్ గౌరవంగా.

జురాబ్ ఆ అన్నగారిని చూడాలన్నాడు. భూషణాన్ని తీసుకొచ్చారు. జురాబ్ అతని ఇకామా అనే నివాస కార్డు మీది పేరు రెండుసార్లు చదివి, అమాంతం కౌగిలించుకున్నాడు. తమ వంశంలో సంగీతకారులున్నారు, మల్లులున్నారు, నటీమణులున్నారు కానీ ఇంత నల్లని కంచేలిని ఇప్పుడే చూస్తున్నానని ఇంగ్లీషులో చెప్పాడు. భూషణానికి సగమే అర్థమైంది. కౌగిలించుకున్నవాడు ఖురూజ్ కొట్టడన్నది మాత్రం అతనికి తెలుసు. హోటల్ గదిలో తెరవని ఆవకాయ డబ్బా ఉందని, తీసుకెళ్ళమని జురాబ్‌కు సైగలతో చెప్పాడు. జురాబ్ భయపడి వద్దన్నాడు.

మరుసటి వారం ప్లాంటు నుంచి కబురొచ్చింది. యంత్రానికి ప్రాణం పూచీ పెట్టిన కంచేలి గారిని ఈ ఏడాదంతా దాని దగ్గరే ఉంచాలని, అలా అయితేనే మిగతా మరమ్మతు పనులు ఈ కంపెనీకి ఇస్తామని. భూషణం ఖురూజ్ రద్దయింది. వదులైన పైపు ఆధారాన్ని అతనే బిగించాడు. యంత్రం మోగడం మానేసింది. గురక మాత్రం అలాగే ఉందని పీర్ సాహెబ్ ఇప్పటికీ అంటాడు.

"ఏం పనిచ్చినారు?" అని అడిగింది దీనమ్మ ఫోన్‌లో.

"యంత్రం కాడ కూకోడం."

"అది ఆగిపోతే?"

"నానూ ఆగిపోవాల. అలాగని ఒప్పేసుకున్నానట."

షట్‌డౌన్ లేకపోయేసరికి ఆఫీసులో మనుషులు ఎక్కువయ్యారు. పైగా హెచ్‌ఆర్ ఉద్యోగాలు సౌదీలకే ఇవ్వాలన్న నియమం ఉండనే ఉంది. కంపెనీ పసుపు నుంచి ఆకుపచ్చకు చేరాలంటే ముందుగా ఖాళీ చేయవలసిన కుర్చీ ఏదో అందరికంటే బాగా తెలిసినవాడు రాజ్‌కుమారే. తన ఖురూజ్ కాగితం తానే తయారుచేసుకుని, అక్షరదోషాలు లేవని చూసుకుని, సంతకానికి పంపాడు.

ఇప్పుడతను గుంటూరులో, గల్ఫ్‌లో ఉద్యోగం ఊడకుండా ఎలా నిలబెట్టుకోవాలో సలహాలిచ్చే ఆఫీసు నడుపుతున్నాడు.