పర్లేదు అన్న పాపానికి

మెర్వ్ డూలన్ పక్కటెముక విరగ్గొట్టింది మీరే, దుష్ప్రభావాల తులనాత్మక పరిశీలనా విభాగం వారూ! (ఆ పేరు పూర్తిగా పలికేలోపే రోగికి ఆయాసం రావాలని పెట్టినట్టున్నారు.)

మెర్వ్‌ది ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌ల్యాండ్ పడమటి మూల, మా యారబైన్. బతుకంతా గొర్రెల ఉన్ని కత్తిరించాడు. ప్రోస్టేట్‌లో పుట్టిన క్యాన్సర్ ఇప్పుడు ఎముకల్లోకి పాకింది. మగ హార్మోను దానికి మేత. ఆ మేత ఆపడానికి సూది వేస్తున్నారు. మేత ఆగింది, నిజమే. దానితోపాటు మెర్వ్ నిద్రా, కండా, కోరికా కూడా ఆగాయి. ఒళ్లంతా ఆవిర్లు. వాటికి వైద్యం తనే కనిపెట్టుకున్నాడు: ఊళ్లో కోలిన్ నడిపే పబ్బులో బీరు పీపాలుంచే చల్లగదికెళ్లి కూర్చోవడం.

వేరే దారులు లేకపోలేదు. ఇంకో రకం సూది ఉంది, రోజూ మింగే మాత్ర ఉంది, వృషణాలు తీసేసే ఆపరేషన్ ఉంది, కొందరికైతే మందుకు కొన్నాళ్లు సెలవూ ఉంది. దేని బాధ దానిదే. ఒకటి పొడిచిన చోటల్లా వాస్తుంది, ఇంకోదానితో రొమ్ములు సలుపుతాయి, ఆపరేషనంటారా, పోయినవి తిరిగి రావు. ఏది ఎవరికి నప్పుతుందో పెద్ద డాక్టరు మనిషిని చూసి తేల్చాలి. డాక్టరు దాకా వెళ్లాలంటే విభాగం ఒప్పుకోవాలి. విభాగం ఒప్పుకోవాలంటే రోగి తన బాధను తన నోటితో, ఫోన్లో, యంత్రానికి చెప్పుకోవాలి.

ఇక్కడే వచ్చింది చిక్కు. యారబైన్‌లో ఎలా ఉన్నావంటే జవాబు ఒక్కటే: పర్లేదు. గుర్రం తన్నినా పర్లేదు, వరదకు కంచె కొట్టుకుపోయినా పర్లేదు, పెళ్లయినా పర్లేదు. ఏ పర్లేదుకు అంబులెన్సు పిలవాలో ఊళ్లో అందరికీ తెలుసు. యంత్రానికి తెలీదు.

"ఆవిర్లు ఎలా ఉన్నాయి?" అంది యంత్రం.

చల్లగదిలో పీపా మీద కూర్చున్న మెర్వ్ మెడ మీద చెమట తుడుచుకున్నాడు. "పర్లేదు."

"లేవు అని నమోదు చేశాం. నీరసం?"

"మరీ చచ్చేంతేం కాదు."

"లేదు అని నమోదు చేశాం. దాంపత్యం?"

"ఆ ఊసెందుకులే గురూ."

"సంతృప్తికరం అని నమోదు చేశాం."

"సంతృప్తా!" అని తలుపు దగ్గర్నుంచి అరిచింది ఆయన భార్య ఈలీన్. (నిబంధనల ప్రకారం భార్య మాట నేపథ్య శబ్దం. దాన్ని వడగట్టేస్తారు.)

పోయిన వారం మెర్వ్ ఒక గొర్రెపిల్లను ఎత్తబోయాడు. పక్కటెముక పుటుక్కుమంది. ఈ మందుతో ఎముకలు గుల్లబారతాయని, పరీక్ష చేయించాలని మీకు తెలుసు. బాధ లేనివాడికి పరీక్షెందుకన్నారు.

ఈలీన్ నేరుగా మీ ఉపసమన్వయాధికారి ఫిలిప్పా స్ట్రౌడ్‌కే ఫోను కొట్టింది.

"యారబైన్‌లో దుష్ప్రభావాలే లేవు కదండీ!" అంది స్ట్రౌడ్ మురిసిపోతూ. "మాకు మీరే ఆదర్శం. అందుకే మీ ఊరికొచ్చే డాక్టరు విమానం కూడా ఆపేశాం."

"మా ఆయన ఎముక విరిగిందమ్మా తల్లీ!"

"అయితే ఆయన్నే చెప్పమనండి. ఇప్పుడే డాక్టరుకు రాసేస్తాను."

ఆ ఒక్క మాట కోసం మెర్వ్ ఉదయం నుంచీ చల్లగదిలో పీపాల ముందు సాధన చేస్తున్నాడు: బాగాలేదు, బాగాలేదు, బాగాలేదు. ఈలీన్ ఫోను ఆయన చెవికి అదిమింది. "నోరు తెరిచి ఏడువయ్యా మహానుభావా! ఒక్కసారి!"

"ఎలా ఉన్నారు మెర్వ్ గారూ?" అంది స్ట్రౌడ్, ఎంతో మర్యాదగా.

మెర్వ్ పక్క పట్టుకున్నాడు. నోరు తెరిచాడు. అంత పెద్దావిడ పని మానుకుని మరీ అడుగుతోందాయె.

"పర్లేదండీ. మీరెలా ఉన్నారు?"

ఈలీన్ ఫోను లాక్కునేలోపే అటువైపు పెట్టేశారు.

కాబట్టి వినండి. ఆ యంత్రాన్ని ఇవాళే పీకి పారేయండి. డాక్టరు విమానాన్ని తిరిగి పంపండి. ఫోను దగ్గర ఒక మనిషిని కూర్చోబెట్టండి. పర్లేదు అన్నవాణ్ణి "నిజంగానా?" అని రెండోసారి అడగడమే ఆ మనిషి ఉద్యోగం. పక్కనున్న పెళ్లాం అరిస్తే అదీ రాసుకోవాలి. తొందరగా కానివ్వండి. మెర్వ్ పోయాక కూడా మీ యంత్రం ఫోను చేసి ఎలా ఉన్నారని అడుగుతుంది. ఆయన ఏమీ అనడు. దాన్ని మీరు ఏమని నమోదు చేస్తారో మాకు తెలుసు.