బుక్‌హోల్జ్ మాస్టారి ఎండుటాకులు

ఆ శనివారం పొద్దున థియా హాల్వర్సన్ అరగంట ముందే బయలుదేరింది. పదహారేళ్ళ జీవితంలో ఎక్కడికైనా ముందుగా వెళ్ళడం ఆమెకు ఇదే మొదలు. మార్కులు, సేవ, నాయకత్వం చూసి బడిలో పిల్లల్ని చేర్చుకునే ఆనర్ సొసైటీ నుంచి వచ్చిన ఉత్తరం జేబులోనే ఉంది. మార్కులకు లోటు లేదు. సేవ మాత్రం నాలుగు గంటలు తక్కువ. నాయకత్వం అన్నచోట ఖాళీ గీత. సోమవారం అయిదుగురు మాస్టార్లు కూర్చుని ఆమె సభ్యత్వం ఉంచాలో తీసేయాలో తేలుస్తారు.

ఆ రోజు సొసైటీ పిల్లలంతా కలిసి చేయాల్సిన పని చిన్నదే. మేపుల్ వీధిలో ఒంటరిగా ఉండే ఆస్ట్రాండర్ మామ్మగారి ముంగిట్లో రాలిన ఆకులు ఊడ్చి రోడ్డు అంచున కుప్ప పోయాలి. దంతె భుజాన వేసుకుని థియా నడుస్తుంటే, పైన అడవి బాతులు దక్షిణానికి బారు తీరాయి. వాటి వెంట చూపు పోయింది, చూపు వెంట కాళ్ళూ పోయాయి. బాతులు కనుమరుగయ్యేసరికి ఆమె ఒక తెల్లని ఇంటి ముందుంది. అది మేపుల్ వీధి కాదు. కానీ ముంగిలి నిండా బంగారు రంగు ఆకులున్నాయి, ఇంకేం కావాలి? మధ్యలో ఒక చిన్న చెక్క పలక అడ్డొస్తే, చదవకుండానే తీసి గోడకు ఆనించింది.

కాసేపటికి సొసైటీ అధ్యక్షుడు వెండెల్, మరో ఆరుగురు అటుగా వచ్చారు. అడ్రసు వెండెల్ జేబులో మడిచిన కాగితం మీద ఉంది.

"నువ్వే ముందొచ్చావంటే నమ్మబుద్ధి కావట్లేదు థియా," అన్నాడు వెండెల్.

"నాకూ కావట్లేదు," అంది థియా నిజాయితీగా.

థియా అంతటిది ముందే వచ్చి పనిలో దిగిందంటే ఇల్లు ఇదే అయ్యుంటుందని అందరూ అనుకున్నారు. కాగితం మడత విప్పలేదు. నాలుగు గంటల్లో ఆకులన్నీ రోడ్డు అంచున కుప్పలయ్యాయి, ముంగిలి అద్దంలా తయారైంది. తలుపు తడితే ఎవరూ పలకలేదు. మామ్మగారు నిద్రపోతున్నారేమోనని అంతా గుసగుసగా మాట్లాడుకున్నారు. థియా మాత్రం మెట్ల మీద కూర్చుని, ఈ ఆకులన్నీ వేసవిలో ఏం కలలు కన్నాయో అనుకుంటూ ఉండిపోయింది.

అప్పుడే ఒక కారు వచ్చి ఆగింది. దిగింది జీవశాస్త్రం చెప్పే బుక్‌హోల్జ్ మాస్టారు. సోమవారం కూర్చోబోయే అయిదుగురిలో ఆయనొకరు. ఆయన ముందు ముంగిలిని చూశారు, తర్వాత గోడకు ఆనించిన పలకను. ఆకులు కదపవద్దు, మిణుగురులు నిద్రపోతున్నాయి అని దాని మీద ఆయన దస్తూరిలోనే ఉంది.

"మూడేళ్ళుగా చీపురు తగలనివ్వలేదు," అన్నారాయన మెల్లగా. "మిణుగురు పిల్లలు చలికాలమంతా ఈ ఆకుల కిందే పడుకుంటాయి. ఎండాకాలం ఇక్కడ దీపం అక్కర్లేదు, తెలుసా?"

థియాకు సభ్యత్వం సంగతి ఆ క్షణాన గుర్తే లేదు. ఆకుల కింద పడుకున్న రేపటి వెలుగులన్నీ తన వల్లే రోడ్డున పడ్డాయని ఏడుపొచ్చింది. ఇంతలో వీధి మలుపులో ఊళ్ళో ఆకులు ఎత్తుకుపోయే లారీ కనిపించింది. లావుపాటి గొట్టంతో కుప్పలన్నీ పీల్చుకుంటూ వస్తోంది. థియా పరుగెత్తి కుప్పకు అడ్డంగా చేతులు చాచి నిలబడింది.

"వద్దండీ," అంది డ్రైవరుతో. "లోపల పడుకున్నారు."

లోపల పడుకున్నది పిల్లలేమోనని డ్రైవరు హడలిపోయి లారీ ఆపేశాడు. మాస్టారు లోపలికెళ్ళి దుప్పట్లు తెచ్చారు. ఎనిమిది మందీ ఆకుల్ని దుప్పట్లలో మోసి, మళ్ళీ ముంగిట్లో పసిబిడ్డకు కప్పినట్టు కప్పారు. అదీ నాలుగు గంటలే పట్టింది.

పొద్దుగూకే వేళ థియా తన సేవ గంటలు రాయించుకునే కాగితం చాచింది. ఊడ్చినందుకు సున్నా, తిరిగి కప్పినందుకు నాలుగు గంటలు అని రాసి సంతకం పెట్టారు మాస్టారు. ఖాళీగా ఉన్న నాయకత్వం గీత మీద ఆయన పెన్ను కాసేపు ఆగింది. తర్వాత ఇలా రాశారు: ఏడుగురు, అధ్యక్షుడితో సహా, ఒక్క ప్రశ్న వేయకుండా ఈమె వెంట నడిచారు.

సోమవారం సభ్యత్వం నిలబడింది. శనివారమంతా కిటికీలో కూర్చుని ఎదురుచూసిన ఆస్ట్రాండర్ మామ్మగారు ఫోన్ చేసి అడిగితే, వచ్చే శనివారం థియా నాయకత్వంలోనే అందరూ వస్తారని సొసైటీ వాళ్ళు చెప్పారు. దారి చూపించడానికి మాత్రం వేరే మనిషిని పెట్టారు.