ఎనభై రెండు నవలలు చదివిన కోడి

ఒక పెద్ద అడవిలో పులులు తగ్గిపోయి రచయితలు పెరిగిపోయారు. మామూలు రచయితలు కాదు, డిటెక్టివ్ నవలలు రాసేవాళ్లు. రోజుకొక హత్య చేయనిదే వాళ్లకు అన్నం సహించదు, కాగితం మీదే అనుకోండి. వీళ్లంతా ఒక సంఘం పెట్టుకుని ప్రతి పౌర్ణమి మర్నాడు పొద్దున్నే ఏటి ఒడ్డున బండ మీద కూర్చునేవారు. దానికి శుభవార్తల సభ అని పేరు.

ఒక్కొక్కరే లేచి తమ పుస్తకాల సంగతులు చెప్పుకోవాలి. మిగతావాళ్లు చప్పట్లు కొట్టాలి. ఒకరి పుస్తకం ఇంకొకరు చదవాలన్న నియమం మాత్రం లేదు. అంత దుర్మార్గమైన సంఘం కాదది.

ఆ రోజు ముందుగా అధ్యక్షుడు ఎలుగుబంటి భల్లూకయ్య లేచాడు.

"మిత్రులారా, నా ఎనభై రెండో నవల వచ్చేసింది. ఇందులో తొమ్మిది శవాలు. కిందటి దాంట్లో ఏడే."

చప్పట్లు మోగాయి. తర్వాత కోతి మర్కటేశు గంతేసి ముందుకొచ్చాడు.

"నా పదకొండో నవలకి ముఖచిత్రం మూడోసారి మార్చారు. ఈసారి నా బొమ్మ కూడా వేస్తున్నారు. వెనకట్ట మీద కాదండోయ్, ముందట్ట మీదే!"

ఆ తర్వాత ముళ్లపంది శల్యమూర్తి. "నా రచనా జీవితం గురించి చెప్పమని చాలామంది అడుగుతున్నారు" అని మొదలుపెట్టాడు. ఎవరూ అడగలేదు. "తెల్లారగానే లేస్తాను. ఒంటి మీద ముల్లొకటి పీక్కుంటాను. అది అరిగేదాకా రాస్తూనే ఉంటాను. పాత్రలు వాటి పాటికవి చెప్పుకుపోతాయి, నేను రాసుకుపోతాను. అందులో నా గొప్పేమీ లేదు."

అతని పుస్తకం చదివినవాళ్లు ఎవరైనా ఉంటే ఆ చివరి మాటకి వెంటనే తలూపేవారు.

ఈ ముగ్గురి పుస్తకాలూ వేసేది ఒక్కడే. అతను ఉడుము గోధయ్య. పుట్టలో అచ్చుయంత్రం పెట్టుకున్నాడు. సభలో అందరికన్నా ఎత్తు బండ మీద ఎండ కాచుకుంటూ కూర్చునేవాడు. ఆయన దగ్గితే రచయితలు ముగ్గురూ లేచి నిలబడేవారు.

సరిగ్గా చప్పట్ల మధ్యలో అడవికోడి చుక్కమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది.

"అయ్యా, పొదలో అయిదు గుడ్లు పెట్టుకున్నాను. గింజల కోసం అలా వెళ్లొచ్చేసరికి రోజుకొకటి పోతోంది. మూడు పోయాయి. ఇంకా రెండే మిగిలాయి. మీ పుస్తకాల అట్టల మీద దొంగ ఎవడైనా మీకు దొరక్క తప్పదని రాసుంటుందట కదా. దొంగని పట్టుకోండయ్యా, మీ కాళ్లు మొక్కుతాను."

భల్లూకయ్య కళ్లు మెరిశాయి. ఎనభై రెండు నవలల జీవితంలో నిజమైన నేరం ఆయన గుమ్మం తొక్కడం ఇదే మొదటిసారి.

"గుడ్లు పోయిన రోజు ముసురు పట్టిందా?" అని అడిగాడు మర్కటేశు.

"లేదయ్యా. మిట్టమధ్యాహ్నం. మంచి ఎండ."

"ఫరవాలేదు. ముసురు మేం పెట్టుకుంటాం."

అందరూ కలిసి పొద దగ్గరికి వెళ్లారు. ఏటి చెమ్మకి తడిసిన మట్టిలో గోళ్ల గుర్తులు స్పష్టంగా ఉన్నాయి. వాటి మధ్య తోక ఈడ్చుకుపోయిన గీత ఒకటి. అది పొదలోంచి బయల్దేరి తిన్నగా గోధయ్య పుట్ట దగ్గర ఆగింది. పుట్ట ముందు మూడు గుడ్ల పెంకులు పడున్నాయి. సభలోంచి అందరికన్నా ముందే జారుకున్న గోధయ్య, వీళ్ల అడుగుల చప్పుడు విని తల బయట పెట్టాడు. మూతికి పచ్చసొన అంటుకుని ఎండిపోయి ఉంది. పొద్దుటి నుంచీ అలాగే ఉంది, సభలో ఎవరూ చూడలేదు. ఎవరి వార్త వాళ్లకి ఉంది.

"అదిగోనయ్యా! వీడే!" అని చుక్కమ్మ అరిచింది.

గోధయ్య దొరికిపోయాననుకున్నాడు. కాళ్ల మీద పడదామా, ఏట్లో దూకుదామా అని ఆలోచిస్తున్నాడు. ఈలోపు భల్లూకయ్య పకపకా నవ్వాడు.

"ఏమ్మా, నా ఎనభై రెండు నవలల్లో, మొదటి అధ్యాయంలో మూతికి నెత్తురంటినవాడు ఎప్పుడైనా హంతకుడయ్యాడా?"

"నేను చదవలేదయ్యా" అంది చుక్కమ్మ.

ముగ్గురి ముఖాలూ వాడిపోయాయి. మూడు గుడ్లు పోయాయన్నప్పుడు కూడా వాళ్ల ముఖాలు అంతగా వాడిపోలేదు.

"చదవలేదా?" అన్నాడు భల్లూకయ్య నీరసంగా. "ఒక్కటీ?"

"లేదయ్యా."

శల్యమూర్తి గొంతు సవరించుకున్నాడు. "ఆమెకేం తెలుసండీ. ఇన్ని ఆనవాళ్లు ఒకరి వైపే చూపిస్తున్నాయంటే అర్థమేంటి? ఎవరో కావాలని ఇరికించారన్నమాట. ఇది ప్రాథమిక సూత్రం. గోధయ్యగారు నిర్దోషి."

గోధయ్య నోరు వెళ్లబెట్టాడు. తర్వాత మెల్లగా మూసుకున్నాడు.

నిజం నాకు తెలుసు, మీకు తెలుసు, అక్కడున్న చీమలకి కూడా తెలుసు. కానీ తమ పుస్తకాలు వేసేవాడే దొంగ అనడం రచయితలకి ఎంత కష్టమో, ఆ కష్టాన్ని ఇలా ఒక సూత్రంగా మార్చుకోవడం ఎంత సుఖమో, రాసేవాళ్లకే తెలుస్తుంది.

"మరి దొంగ ఎవరు?" అన్నాడు మర్కటేశు.

"ఎవరి మీద అనుమానం రాదో వాళ్లే" అన్నాడు భల్లూకయ్య. "గుడ్ల దగ్గర ఎప్పుడూ ఉండేదెవరు? వాటిని చివరిసారి చూసిందెవరు? ఎవరిని అనుమానించడానికి మనసొప్పదు?"

ముగ్గురూ ఒకేసారి చుక్కమ్మ వైపు తిరిగారు.

"తల్లి!" అన్నాడు శల్యమూర్తి. ఒళ్లు గగుర్పొడిచి అతని ముళ్లన్నీ నిక్కబొడుచుకున్నాయి. "అబ్బబ్బ, ఏం మలుపండీ! తల్లే దొంగ!"

"నా గుడ్లు నేనే తిన్నానా? మీకు పిల్లల్లేరా?" అని చుక్కమ్మ ఏడ్చేసింది.

"ఏడుపు బాగుంది, రాసుకో" అన్నాడు భల్లూకయ్య మర్కటేశుతో.

అక్కడికక్కడే నిర్ణయాలు అయిపోయాయి. ముగ్గురూ కలిసి ఈ కేసును నవలగా రాస్తారు. పేరు 'పొదిగిన పాపం'. గోధయ్యగారే అచ్చు వేస్తారు. పదిహేనో రోజున అడవంతటినీ పిలిచి ఆవిష్కరణ సభ పెట్టి, దొంగ పేరు అందులోనే చదువుతారు. మిగిలిన రెండు గుడ్లనూ కన్నతల్లి బారినుంచి కాపాడి, నిర్దోషి అని తేలిన ఏకైక జీవికి వేదిక మీదే అప్పగిస్తారు.

ఆ మాట విన్నాక గోధయ్య పొద వైపు వెళ్లడం మానేశాడు. శాలువా కప్పి మరీ ఇస్తామంటుంటే దొంగతనం చేయడం దేనికని.

చుక్కమ్మ మాత్రం ఆ రోజు నుంచి గుడ్ల మీంచి లేవలేదు. గింజల కోసం కూడా వెళ్లలేదు. పక్క పొద కంజుపిట్ట జాలిపడి నాలుగు గింజలు తెచ్చిపెట్టేది. "పారిపోవే" అంటే, "గుడ్లెత్తుకుని ఎలా పారిపోనే, కాళ్లతోనా?" అనేది చుక్కమ్మ.

మూడో రోజున భల్లూకయ్య ఒక గోతం మోసుకుంటూ వచ్చాడు. ఆమె 'చదవలేదయ్యా' అన్న మాట ఆయనకి మూడు రోజులుగా నిద్ర పట్టనివ్వలేదు. గోతంలో ఎనభై రెండు నవలలున్నాయి, అన్నిటి మీదా సంతకాలు.

"ఎలాగూ కూర్చునే ఉంటావు కదమ్మా. పొద్దు పోతుంది" అన్నాడు.

చుక్కమ్మ మొదటిది తెరిచింది. రెండోది తెరిచింది. పదో నవలకి విసుగొచ్చింది. ఇరవయ్యో నవల దగ్గర ఆగి ఆలోచనలో పడింది. ఆపైన ఆపకుండా చదివింది. కోతి నవలలూ, ముళ్లపంది నవలలూ కబురుపెట్టి తెప్పించుకుని మరీ చదివింది.

ఆవిష్కరణ రోజు ఏటి ఒడ్డు కిక్కిరిసిపోయింది. పెద్దమనిషిగా ఏనుగుని కూర్చోబెట్టారు. ముందు శుభవార్తలు. మర్కటేశు తన కొత్త బొమ్మ చూపించాడు. శల్యమూర్తి ఈ నవలకి ఎన్ని ముళ్లు అరిగాయో చెప్పి, వీపు కూడా చూపించాడు. రెండు గుడ్లనూ ఆకుల బుట్టలో పెట్టి వేదిక మీదికి తెచ్చారు. వాటి పక్కనే చుక్కమ్మ నిలబడింది.

భల్లూకయ్య చివరి అధ్యాయం చదివాడు. "దొంగ మరెవరో కాదు, కన్నతల్లే!" అనగానే జనం హాహాకారాలు చేశారు. మర్కటేశు అందుకున్నాడు. "ఇక గోధయ్యగారు! మచ్చలేని మనిషి! ఈ అడవిలో అనుమానానికి అతీతుడైన ఏకైక వ్యక్తి! రావాలి, గుడ్లు అందుకోవాలి!"

శాలువా భుజాన సర్దుకుంటూ గోధయ్య బుట్ట మీద చెయ్యి వేశాడు.

"ఒక్క మాట" అంది చుక్కమ్మ. "నేను మీ పుస్తకాలన్నీ చదివాను."

భల్లూకయ్య చేతిలోని పుస్తకం జారిపోయింది.

"అన్నీనా?"

"ఎనభై రెండూ."

"నావి?" అన్నాడు మర్కటేశు.

"పదకొండూ చదివానయ్యా. శల్యమూర్తిగారివి కూడా."

ఇక దొంగతనం సంగతి ఎవరికి గుర్తుంటుంది? ఆమెకి కుర్చీ వేశారు. మంచినీళ్లిచ్చారు. భల్లూకయ్య కళ్లు తుడుచుకుని, "ఏది బాగుందమ్మా? మొహమాటపడకుండా చెప్పు" అన్నాడు.

"అన్నీ బాగున్నాయి. ఒక్క అనుమానం మిగిలింది. అన్నిట్లోనూ చివరి పేజీలో దొరికేది ఎవరయ్యా?"

"ఎవరి మీద అనుమానం లేదో వాడు" అన్నాడు భల్లూకయ్య గర్వంగా.

"పదిహేను రోజులుగా అడవంతా నన్నే అనుమానిస్తోంది. మరి అనుమానానికి అతీతుడని ఇందాక మీరే తేల్చింది ఎవరిని?"

తలలన్నీ ఒక్కసారిగా గోధయ్య వైపు తిరిగాయి. శల్యమూర్తి ముళ్లు మళ్లీ నిక్కబొడుచుకున్నాయి. "అద్భుతం!" అని భల్లూకయ్య ఎగిరి గంతేసి గోధయ్య తోక పట్టుకున్నాడు. న్యాయం కోసం కాదు. ముగింపు అంత బాగుంది.

"నేనే తిన్నానండీ!" అని గోధయ్య బావురుమన్నాడు. "మొదటి రోజే ఒప్పుకుందామనుకున్నాను. మీరు ఒప్పుకోనిస్తే కదా!"

ఏనుగు అతణ్ణి తొండంతో ఎత్తి ఏటి అవతలికి విసిరేసింది. జనం గోలగోలగా నవ్వుతూ ఇళ్లకు బయల్దేరారు. అప్పుడు గుర్తొచ్చింది రచయితలకి. అయిదువందల కాపీలు అచ్చయి పక్కనే దొంతరలుగా ఉన్నాయి. అన్నిట్లోనూ కోడే దొంగ. చివరి పేజీ తప్పని అడవంతటికీ తెలిసిన డిటెక్టివ్ నవలని ఎవరు ముట్టుకుంటారు?

భల్లూకయ్య చుక్కమ్మ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "అమ్మా, గుడ్లు నీ దగ్గరే ఉంచుకో. కానీ పుస్తకం అచ్చయిపోయింది. నేనే తిన్నానని ఒక్క సంతకం పెట్టేస్తే నీకు పోయేదేమీ లేదు కదా?"

చుక్కమ్మ గుడ్ల బుట్టని తన దగ్గరికి లాక్కుంది.

"నాకు మూడు పోయాయండి" అంది. "ఇన్ని రోజుల్లో మీరెవరూ వాటి గురించి ఒక్క మాట అనలేదు. అయ్యో అని కూడా అనలేదు."

కంజుపిట్ట బుట్ట రెండో వైపు పట్టుకుంది. ఇద్దరూ వెళ్లిపోయారు. తర్వాత రెండు గుడ్లూ పిల్లలయ్యాయని, చుక్కమ్మ వాటిని తీసుకుని కొండ అవతలికి వెళ్లిపోయిందని చెప్పుకున్నారు. అక్కడ రచయితలు లేరట.

తరవాతి పౌర్ణమి మర్నాడు శుభవార్తల సభ మామూలుగానే జరిగింది. పుస్తకాలు వేసేవాడు లేక ఇబ్బందిగా ఉండటంతో గోధయ్యని ప్రత్యేక ఆహ్వానితుడిగా పిలిపించారు. తను నిర్దోషిగా గడిపిన పదిహేను రోజుల మీద ఆత్మకథ రాస్తున్నానని ఆయన ప్రకటించాడు. చప్పట్లు మోగాయి. మర్కటేశు ముందుమాట రాస్తానన్నాడు.

చివర్లో భల్లూకయ్య లేచాడు. "మిత్రులారా, అన్నిటికన్నా పెద్ద శుభవార్త. నా నవలలు ఎనభై రెండూ చదివిన పాఠకురాలు ఒకావిడ ఈ అడవిలో ఉంది!"

"ఎవరండీ ఆవిడ?" అని అడిగాడు శల్యమూర్తి అసూయగా.

భల్లూకయ్య చాలాసేపు తల గోక్కున్నాడు. ఎంతకీ పేరు గుర్తురాలేదు.

నీతి: న్యాయం అడగడానికి రచయితల దగ్గరికి వెళ్లేటప్పుడు సాక్ష్యాలు మోసుకెళ్లక్కర్లేదు, వాళ్ల పుస్తకాలు చదివి వెళ్తే చాలు.