పక్క మీద పడుకునేవారు అనర్హులు

మనిషిని నిద్రపుచ్చేదీ లేపేదీ ఆ భగవంతుడే అని ఇన్నాళ్లూ నమ్మాను. నడుమ ఒక కార్యాలయం కూడా ఉందని మొన్ననే తెలిసింది. దాని పేరు శయన భంగిమల పరిశీలనా విభాగం. (తొమ్మిదో నంబరు గది. బయట బెంచీ ఉంది. దాని మీద ఏ భంగిమలోనూ పడుకోరాదు.)

మా బావ బస్సు నడుపుతాడు. నిద్రలో అతనికి ఊపిరి ఆగి ఆగి వస్తుంది. వెల్లకిలా పడుకుంటే మరీనూ. అందువల్ల పగలు స్టీరింగు ముందు కునుకుపాట్లు. డాక్టరుగారు ఊపిరి అందించే యంత్రం రాశారు. అది వచ్చేదాకా బావ చేతికి బస్సు ఇవ్వరు. యంత్రం మంజూరు చేయాల్సింది తొమ్మిదో గది.

ఒత్తిగిలి పడుకుంటే తగ్గేవారికి యంత్రం ఇవ్వకూడదని నిబంధన. సబబే. కానీ ఫారంలో ఆ ప్రశ్న ఇలా ఉంది: "రోగి పక్క మీద పడుకొనుచున్నారా?"

మా అక్క నిజాయితీగా రాసింది: "అవును. పెళ్లయినప్పటి నుంచీ."

అర్జీ కొట్టేశారు. ముగ్గురం భంగిమాధికారి దగ్గరికి వెళ్లాం.

"పక్కంటే పరుపనుకున్నానండీ," అంది అక్క.

"ఫారంలో పరుపని ఉందామ్మా?"

"పక్క వేశాను, పక్క తీశాను అంటాం కదండీ. మీ ఇంట్లో ఏమంటారు?"

"ఇంట్లో మాట ఇంట్లోనే. ఇక్కడ పక్కంటే పక్కే."

"పోనీ, నేల మీద పడుకుంటాలెండి," అన్నాడు బావ.

"నేలకు వేరే ఫారం." (ఉంది. ఆకుపచ్చది.)

ఆయన వెనక గోడకు ఆమోదిత భంగిమల పటం వేలాడుతోంది. అందులో మనిషి నాలుగు రకాలుగా పడుకుని ఉన్నాడు. నాలుగింట్లోనూ కళ్లు తెరిచే ఉన్నాయి.

అక్క ఇక ఆగలేదు. "పక్కకు తిప్పితే పది నిమిషాలుండడండీ ఈయన. మళ్లీ వెల్లకిలా పడతాడు, ఊపిరాగుతుంది. నేనే మేలుకుని కూర్చుని డొక్కలో పొడిచి తిప్పుతున్నాను. ఎన్నాళ్లని పొడవను?"

అధికారి అప్పుడు కలం తీశాడు. ప్రతి మాటా శ్రద్ధగా రాసుకున్నాడు. ఆయన మనసు కరిగిందని నేను లోలోపల దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. (దేవుణ్ణి ఇందులోకి లాగకుండా ఉండాల్సింది.)

వారానికి ఉత్తర్వు వచ్చింది.

"రోగిని తిప్పు సాధనము ఇంటియందు ఇదివరకే కలదు. సక్రమముగా పనిచేయుచున్నది. కావున రెండవది మంజూరు చేయబడదు. ఉన్నది చెడిపోయినచో, దానిని జతపరిచి మరల అర్జీ పెట్టుకొనవలెను."